నలభై అయిదు కర్రల పెరడు

వెంపడాపు నరసయ్య మేష్టారు ఇక లేరన్న వార్త పోయిన ఆదివారం ఉదయం మా రాయపూరు రైల్వే కాలనీలో ఇంటింటికీ పాకింది. మా గుమ్మంలోకి దానిని తెచ్చినది పొరుగింటి ఫిట్టరు భార్య బంగారమ్మ. "బాబూ, మేష్టారు పోనారట!" అని ఆవిడ గొల్లుమంటూ ఉండగానే నేను అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరు చూశారు?" అని. రెండవది, "నీకు చెప్పినదెవరు?" మూడవది, "వాడికెలా తెలుసు?" ఆవిడ ఏడుపు ఆపి నా మొహం వంక వింతగా చూసింది. మరణవార్త వినగానే మనిషన్నవాడు కంటతడి పెట్టాలి. నేను వాఙ్మూలం తీసుకున్నాను. ఈ బుద్ధి నాకు పుట్టుకతో వచ్చిందో ఉద్యోగంతో వచ్చిందో చెప్పలేను గాని, మేష్టారిని గురించి రాయబోయే ఈ నాలుగు మాటలలో దాని ప్రసక్తి పదే పదే వస్తుంది కనుక ముందే మనవి చేసుకుంటున్నాను.

నేను పార్సెల్ ఆఫీసులో గుమస్తాను. ఇరవై రెండేళ్లుగా అనుమానించడమే నా పని. పెట్టె మీద పుస్తకాలని రాసి ఉంటే లోపల ఇత్తడి సామాను ఉందేమోనని చూడాలి. మూట మూడడుగులని ఆసామి ప్రమాణం చేసి చెప్పినా నా జేబులోని టేపు తీయాలి. ఆ అలవాటు ఇంటి దాకా వచ్చేసింది. మా ఆవిడ పాలు విరిగిపోయాయంటే, విరిగిన పాలు ఎక్కడున్నాయని వంటింట్లోకి వెళ్లి చూసివచ్చేవాడిని. ఇలాంటివాడితో కాపురం చేయడం ఎంత కష్టమో ఆవిడే చెప్పాలి.

వార్త మాత్రం నిజమే. నాలుగు రోజుల జ్వరం మేష్టారిని తీసుకుపోయింది. యాభై దాటి ఎంతో కాలం కాలేదు. ధర్మపత్ని ఏనాడో పరమపదించారు, సంతానం లేదు. పార్థివదేహం చుట్టూ కూర్చున్న వారిలో సగం మంది ఆయన చేతి కింద చదువుకున్నవారే. అక్కడ బంగారమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ అన్నది: "మనిసి మంచోడే. ఆ కొలతలు ఆఫీసోళ్లకి ఇచ్చీకుండా ఉంటే ఎంత బాగుణ్ను." చుట్టూ ఉన్నవారు తలలు ఊపారు. నేను కూడా ఊపాను. ఇంటికి వచ్చాక నాకు అన్నం సహించలేదు. ఆయన మీద పడిన ఆ అపవాదు శుద్ధ అబద్ధమని ఈ కాలనీలో రూఢిగా తెలిసినవాడిని నేను. అది ఎవరి వల్ల పడిందో కూడా నాకే తెలుసు. బదిలీల మీద బిలాసపూరుకు, వాల్తేరుకు, ఖరగపూరుకు వెళ్లిపోయిన మన కుటుంబాలు ఆ మాటను తమతో మోసుకుపోయాయి. వారు కూడా చదవాలని, ఒక పుణ్యాత్ముడి పేరు మీద మచ్చ మిగలకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

మేష్టారిది విజయనగరం పక్క పల్లె. మా తెలుగు పిల్లల కోసం కాలనీ పెద్దలు కమిటీగా ఏర్పడి నడుపుకొంటున్న చిన్న బడికి ఆయన రెండవ తరగతి ఉపాధ్యాయులుగా వచ్చారు. బక్కపలచని విగ్రహం, మోకాళ్ల కిందికి దిగీ దిగని పంచె, మెత్తని కంఠం. భుజాన ఒక తాడు చుట్ట. ఉపాధ్యాయుడి చేతిలో బెత్తం ఉండాలి గాని భుజాన తాడెందుకని నాకు మొదటి రోజే పట్టుకుంది. దగ్గరికి వెళ్లి చూద్దును కదా, తాడు పొడుగునా ముడులు. నూతికి వాడేది కాదు, పశువును కట్టేది కాదు. మరి దేనికి? అడిగితే ఆయన నవ్వి, "అదింకా నాకూ తెలీదు బాబూ. పిల్లలు సెప్తారు," అన్నారు. ఇలా సమాధానం చెప్పే మనిషిని నమ్మరాదని నేను ఆ క్షణమే నిశ్చయించుకున్నాను.

మా అమ్మాయి నూకాలు అప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల. ఆయన తరగతిలోనే ఉండేది. ఒక రోజు మధ్యాహ్నం ఆఫీసు నుంచి వస్తూ, చదువు ఎలా సాగుతున్నదో చూద్దామని చెప్పకుండా బడికి వెళ్లాను. తలుపు సందులోంచి చూస్తే ఏడుగురు పిల్లలు ఒకరి తల ఒకరి పాదాలకు ఆనించి గది ఈ గోడ నుంచి ఆ గోడ వైపుగా వెల్లకిలా పడుకొని ఉన్నారు. ఎనిమిదోవాడు చోటు చాలక మోకాళ్లు ముడుచుకున్నాడు. మా నూకాలు మూడవది. దాని జడ మీద ఎవరిదో పాదం. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏమిటండీ ఇది, చదువా?"

"పొడుగండి బాబూ. ఈ గది ఏడుగురు పిల్లలూ, మోకాళ్ల దాకా ఒకడూ."

"కొలబద్ద లేదా బడిలో?"

"ఉందండి. బీరువాలో ఉంది. ఈళ్లకింకా దాంతో పని పడనేదు. పడిన్నాడు తీస్తాను."

కొలబద్దను ఆయన విరగ్గొట్టి ఉంటారని, అందుకే ఈ నాటకమని నాకు అనిపించింది. వసారా చుట్టూ తిరిగి కిటికీలోంచి బీరువా అద్దంలోకి తొంగి చూశాను. బద్ద లోపల భద్రంగా ఉంది. ఉన్నందుకు సంతోషం కలగలేదు. ఉండి కూడా ఎందుకు దాచినట్లు అని కొత్త అనుమానం పుట్టింది.

తరువాతి వారం నూకాలు రెండు చేతులకూ దుమ్ము పూసుకొని ఇంటికి వచ్చింది. "నాన్నా, బడి వసారా అరవై రెండు జానలు. రాజుగాడు యాభై అయిదే అంటన్నాడు. మేష్టారేమో ఇద్దరిదీ నిజమే అన్నారు!" అని ఉక్రోషంగా చెప్పింది. ఒకే వసారాకు రెండు లెక్కలు, రెండూ నిజమట! మర్నాడే వెళ్లి నిలదీశాను. మేష్టారు నన్ను అరుగు మీద కూర్చోబెట్టి మంచినీళ్లు ఇచ్చి, "మీ పాప సెయ్యి సిన్నది, ఆడిది పెద్దది. ఆ ముక్క నేను సెప్పీస్తే ఒక్క నిమిషంలో అయిపోద్ది, సాయంత్రానికి మరిసిపోతారు. ఆళ్లే కొట్టుకొని తేల్చుకుంటే బతికున్నన్నాళ్లూ ఉంటాది. అంకె నేర్పడం సులువండి. ఆ అంకె దేనిదో తెలియడానికే టైము పడతాది," అన్నారు. ఆ మాటలు నేను ఇప్పుడు రాస్తూ కళ్లు తుడుచుకుంటున్నాను. ఆ రోజు మాత్రం, పని ఎగ్గొట్టేవాడికి మాటకారితనం సహజమని అనుకుంటూ ఇంటికి వచ్చాను.

గోల్ బజారు సంగతి కూడా చెప్పాలి. ఒక శనివారం ఆయన తరగతినంతా వెంటబెట్టుకొని బజారుకు బయలుదేరారు. నేను యాభై గజాలు వెనకగా నడిచాను. బంతిపూల దండలు మూర లెక్కన అమ్మే ఛత్తీస్‌గఢీ ముసలావిడ ముందు పిల్లలను కూర్చోబెట్టారు. ఆవిడ మోచేయి నుంచి వేలి కొస దాకా దండ కొలుస్తూ ఉంటే, పిల్లలు ఒక్కొక్కరే తమ చేతులను ఆవిడ చేతి పక్కన పెట్టి చూడడం మొదలుపెట్టారు. ఆవిడ బెదిరిపోయి, "ఏ గురుజీ, ఏ లఇకా మన్ మోర్ హాథ్ లా కాబర్ నాపత్ హేఁ?" అని అరిచింది. నా చెయ్యి వీళ్లెందుకు కొలుస్తున్నారని ఆవిడ గోల. మేష్టారు తమ విరిగిన హిందీలో, "బాయీ, తుమ్హారా హాథ్ బడా, ఇన్‌కా ఛోటా. బచ్చే లోగ్ ఝగడా కర్తే హైఁ," అని, చేతులు పెద్దా చిన్నా కావడమే పిల్లల తగువని బతిమాలుకున్నారు. ముసలావిడ పకపకా నవ్వి చెయ్యి బారుగా చాచింది. పోతూ పోతూ పిల్లలకు తలో బంతిపువ్వు ఇచ్చింది. నూకాలు తెచ్చిన పువ్వును మా ఆవిడ దేవుడి పటానికి పెట్టబోతే నేను వద్దన్నాను. ఊరికే పువ్వు ఎవరిస్తారు, ఎందుకిస్తారు? అది తేలేలోగా పువ్వు వాడిపోయింది.

ఆ తరువాత పిల్లలందరి చేతుల్లోకి వెదురు పేళ్ల కర్రలు వచ్చాయి. అన్నీ ఒకే పొడవు. బతికాం, చివరికి అడుగు బద్దలు ఇచ్చాడు కదా అనుకున్నాను. ముడుల తాడుకు కూడా పని దొరికింది. పది కర్రలకు ఒక ముడి చొప్పున పిల్లలు దానిని సరిచేసుకున్నారు. బజారులో బట్టల దుకాణం ముందుకు ఈ దండు వెళితే దుకాణదారు తన గజం బద్దను గబుక్కున తివాచీ కిందికి తోసేశాడని, కాలనీలో చాలాకాలం చెప్పుకొని నవ్వుకున్నారు. నేను నవ్వలేదు. ఈయన ఊరందరితో తగువు తెచ్చిపెట్టేలా ఉన్నాడని నా బెంగ.

ఇక అసలు సంగతికి వస్తాను. మా క్వార్టర్ల వెనక ప్రతి ఇంటికీ కొంత పెరడు ఉంటుంది. మా వరసలో ఆఫీసు ఇచ్చినది ఇరవై అడుగులు. దానికి మరో పది అడుగులు మాకు మేమే ఇచ్చుకున్నాం. వెదురు దడి ముందుకు జరిపి, ఒకరు ఆనప పందిరి, ఒకరు గోంగూర మడి, ఒకరు ఆవుకు పాక వేసుకున్నారు. నేను చిక్కుడు పాదు పెట్టి, పక్కన స్నానానికి తడికల గది కట్టాను. ఇలా ఏళ్ల తరబడి సాగింది. మేష్టారు పిల్లలకు ఎవరి పెరడు వారిని కొలిచి నోటుపుస్తకంలో రాసుకు రమ్మని చెప్పారు. కాలనీ వెనక నాలుగు రోజులు తాడుతో పిల్లల పరుగులు, అరుపులు. సరిగ్గా రెండు వారాలకు ఇంజనీరింగు ఆఫీసు నుంచి నోటీసు దిగింది. ఇరవై అడుగులు దాటిన దడులన్నీ వారంలోగా పీకివేయాలి.

కాలనీ అంతా భగ్గుమంది. బంగారమ్మ తన ఆనప పాదు మొదట్లో కూలబడి శాపనార్థాలు పెట్టింది. నేను ఆవిడ పక్కనే నిలబడి, కొలతలు ఎవరు తీశారో మీకు తెలియదా అని అడిగాను. ఆ ఒక్క ప్రశ్న చాలింది. సాయంత్రానికి మేష్టారి పేరు అందరి నోటా ఉంది. ఇంటికి వచ్చి నూకాలు సంచిలోంచి నోటుపుస్తకం తీశాను. "మా పెరడు నలభై అయిదు కర్రలు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. మళ్లీ చదివాను. నేను ఆక్రమించినది కలుపుకొని ముప్ఫై అడుగులు. దానిని నలభై అయిదు చేసి పిల్ల చేత రాయించి పైకి పంపాడంటే ఇది ఎంత పెద్ద కుట్ర!

కర్ర ఆ సంచిలోనే ఉంది. టేపు నా జేబులోనే ఉంది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే రెప్పపాటు పని. అనుమానం ఉన్నవాడికి పరీక్షించి చూసే ఓపిక ఉంటుందని లోకం అనుకుంటుంది. నాకు అనుమానం సరిపోయింది, పరీక్షతో పని లేకపోయింది. బడిలో కర్ర అంటే పన్నెండు అంగుళాలది కాక ఇంకేముంటుంది? ఆ పూటే కాగితం తీసి, రెండవ తరగతి ఉపాధ్యాయుడు పసిపిల్లల చేత దొంగ కొలతలు తీయించి ఆఫీసుకు చేరవేస్తున్నాడని కమిటీకి ఆకాశరామన్న ఉత్తరం రాశాను. అవును, రాసినది నేనే. ఈ వాక్యం రాయడానికి నాకు ఆరేళ్లు పట్టింది.

కమిటీ ఆదివారం ఉదయం బడిలోనే కూర్చుంది. అధ్యక్షులవారు ఉత్తరం పైకి చదివారు. మేష్టారు చెయ్యి చాచి ఆ కాగితం అడిగి తీసుకున్నారు. చాలాసేపు చూశారు. మడత పెట్టి తిరిగి ఇచ్చేశారు. వెనక బెంచీ మీద కూర్చున్న నేను ముందువాడి వీపు చాటుకు జరిగాను.

"ఈ కొలతలు ఆఫీసుకు ఇచ్చారా?"

"ఇవ్వనేదండి."

"మరి కొలిపించడం దేనికి?"

"మా పెరడు పెద్దదంటే మా పెరడు పెద్దదని పిల్లలు రోజూ తగువులాడుకుంటన్నారండి. కొలిసి తేల్చుకోమన్నాను."

ఎవరూ నవ్వలేదు. ఆ తగువు పిల్లలు నేర్చుకున్నది ఎవరి దగ్గరో అక్కడ కూర్చున్న పెద్దలందరికీ తెలుసు. కొలతలు ఆఫీసుకు చేరలేదని రుజువేమిటని అధ్యక్షులవారు గద్దించారు. "పిల్లల కొలత పిల్లలకేనండి, ఇంకోలికి పనికిరాదు," అని మాత్రం అన్నారు మేష్టారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు. తప్పు చేసినవాడు కాబట్టే తెగించి మాట్లాడలేకపోతున్నాడని నేను పక్కవాడి చెవిలో ఊదాను. ఆయన దగ్గర నుంచి తరగతి తీసేసుకున్నారు. వసారాలో బల్ల వేసి, చేరే పిల్లల పేర్లు రిజిస్టరులో రాసే పని అప్పగించారు. ముడుల తాడును బడి నూతికి చేదగా కట్టారు. లోపల కొత్త మనిషి ఎక్కాలు వల్లె వేయిస్తూ ఉంటే, బయట మేష్టారు ఒక ఏడాది పాటు తల వంచుకొని రిజిస్టరు రాశారు. నేను ఆ దారిన పోతూ, రిజిస్టరులో కూడా ఏమైనా తప్పుడు రాతలు రాస్తున్నాడేమోనని తొంగి చూసేవాడిని.

ఏడాది గడిచిన తరువాత ఒక మధ్యాహ్నం నూకాలు నాకు భోజనం క్యారేజి తీసుకొని పార్సెల్ ఆఫీసుకు వచ్చింది. ఎదురుగా పొడవాటి చెక్కపెట్టె ఒకటి ఉంది. ఆ మేష్టారి దగ్గర పిల్ల నేర్చుకున్నది శూన్యమని నాకు నేను నిరూపించుకోవాలనిపించింది. కొలవమన్నాను. అది బడి సంచిలోంచి పాత వెదురు కర్ర తీసి, పెట్టె అంచున పెట్టి, వేలితో గుర్తు పెట్టుకుంటూ జాగ్రత్తగా జరుపుకుంటూ పోయింది.

"ఆరు, నాన్నా."

టేపు వేశాను. నాలుగు అడుగులు. "చూశావా? ఏడాది పాటు తాడు పట్టుకొని తిరిగి నేర్చుకున్నది ఇదా?"

"నీ దానికి నాలుగు. మా కర్రకి ఆరు."

"ఎవరి కర్రకైనా అడుగంటే పన్నెండంగుళాలే."

"ఇది అడుగు బద్ద కాదు. నా కాలు."

కర్రను నేల మీద పెట్టి పక్కనే తన పాదం ఆనించింది. బొటనవేలు కర్ర చివర దాటి కొంచెం బయటికి వచ్చింది. "అప్పుడు సరిగ్గా ఉండేది. నేను పెరిగిపోయాను," అంది సిగ్గుపడుతూ. జానలతో కొలిస్తే తలా ఒక లెక్క వచ్చి తన్నుకున్నారట. అందరికీ ఒకటే కొలత ఉండాలని పిల్లలే అన్నారట. ఎవరిది పెట్టుకోవాలో తేలక చీట్లు వేస్తే నూకాలు పేరు వచ్చిందట. దాని పాదం పొడవుకు తరగతికంతటికీ కర్రలు కోసి ఇచ్చారట. బీరువాలోని బద్దను పెరళ్ల లెక్క తేలాక తీసి, ఇలాంటిదే లోకమంతా కలిసి పెట్టుకున్న కర్ర అని చూపిద్దామనుకున్నారట మేష్టారు. ఆలోగా నోటీసు, ఉత్తరం వచ్చిపడ్డాయి.

కర్ర మీద టేపు పెట్టాను. ఎనిమిది అంగుళాలు. అక్కడే ఒక లేబులు వెనక్కి తిప్పి నలభై అయిదును ఎనిమిదితో హెచ్చవేశాను. ముప్ఫై అడుగులు. పిల్ల ఒక్క వేలు కూడా తప్పు కొలవలేదు. ఆ లెక్క ప్రపంచంలో ఆ తరగతి పిల్లలకు తప్ప ఎవరికీ పనికిరాదు.

"ఈ సంగతి ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదేం?" అని అడిగాను.

"ఏం చెప్పినా ఎవరన్నారు, నీకెలా తెలుసు అంటావు కదా. అందుకని చెప్పడం మానేశాను," అంది. క్యారేజి తెరవబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం బడి వదిలాక మేష్టారి బల్ల ముందు నిలబడ్డాను. "కర్ర సంగతి కమిటీకి ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను. ఆయన రిజిస్టరు మూసి, కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ నెమ్మదిగా మాట్లాడారు.

"సెప్తే పాపని పిలిపించి పదిమంది పెద్దోళ్ల మద్దెన కాలు పెట్టించీవారు కదండీ. నా కాలుతో కొలిసినందుకే మేష్టారికీ పేచీ అనుకునీది. పసిది. ఇంక బతుకులో కర్ర ముట్టుకోదు."

"ఆ ఉత్తరం ఎవరు రాశారో..." అని నేను మొదలుపెట్టాను. నూకాలు బడికి రాని రోజులకు జ్వరమనీ జలుబనీ నేను ఈ చేతిరాతతోనే రాసి పంపిన చీటీలు ఆ బల్ల సొరుగులోనే ఉన్నాయని అప్పుడు గుర్తు వచ్చింది.

"నేను అడగనేదు బాబూ. మీరూ సెప్పకండి. పాప సెవిని పడితే బాగుండదు," అన్నారు.

ఆ క్షణంలో ఆయన పాదాల మీద పడి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన అగత్యం ఉండేది కాదు. పడలేదు. అధ్యక్షులవారి ఇంటికి వెళ్లి, మా అమ్మాయి మాటల సందర్భంలో చెప్పిందంటూ కర్ర సంగతి విన్నవించాను. ఆఫీసులో మా క్వార్టర్లు కట్టిననాటి పటం ఉందని, కొత్తగా వచ్చిన ఆఫీసరు దానిని దులిపి తీయడం వల్లనే నోటీసులు వచ్చాయని కూడా విచారించి తెలుసుకున్నాను. కమిటీ నాలుక కరుచుకొని, చప్పుడు చేయకుండా మేష్టారికి తరగతి తిరిగి ఇచ్చింది. తాము పొరపాటు పడ్డామని కాలనీలో చాటింపు వేసే ధైర్యం వారికి లేకపోయింది. నాకూ లేకపోయింది. మేష్టారు నూతి చేద నుంచి తాడు విప్పించుకొని, తడి ఆరబెట్టి, మళ్లీ భుజాన వేసుకున్నారు. కొలతలిచ్చిన మేష్టారన్న పేరు మాత్రం ఆయన వెనకే తిరిగింది.

ఇంతటి ఔదార్యం చూశాకనైనా నా బుద్ధి మారిందా? మారలేదు. నా రహస్యం ఆయన గుప్పిట్లో ఉందని, ఎప్పుడో ఒకప్పుడు బయటపెడతాడని అయిదేళ్లు కాచుకొని కూర్చున్నాను. ఆయన ఎదురుపడి "బాగున్నారా బాబూ" అంటే ఆ పలకరింపులో బెదిరింపు ఉందా అని వెతుక్కున్నాను. ఒకసారి పార్సెల్ ఆఫీసుకు వచ్చి, విరిగిన బుట్టల వెదురు పేళ్లు ఉంటే కొత్త తరగతి పిల్లల కర్రలకు ఇప్పించమన్నారు. ఇదిగో, మొదలుపెట్టాడు, ఇక అడుగుతూనే ఉంటాడనుకొని భయంతో ఒక మోపెడు పంపించాను. తరగతికి కావలసినవి లెక్కపెట్టి తీసుకొని, తక్కినవి ఎవరికైనా పనికొస్తాయని మోపు తిప్పి పంపారు. మళ్లీ ఏమీ అడగలేదు. అడగకపోవడం కూడా నాకు అనుమానంగానే ఉండేది. ఇలాంటి మనిషి ఉంటాడని నమ్మడం నాకు ఆయన పోయేదాకా చేతకాలేదు.

మొన్న బుధవారం సాయంత్రం బడిలో సంతాపసభ జరిగింది. అధ్యక్షులవారు విద్యాదానం, నిరాడంబరత, కర్తవ్యనిష్ఠ అని చక్కగా మాట్లాడారు. ఆ మచ్చ ఊసు మాత్రం ఎత్తలేదు. ఆయన కూర్చోగానే నేను లేచాను. ఏమి మాట్లాడానో వరసగా గుర్తు లేదు. కర్ర ఎనిమిది అంగుళాలని చెప్పాను. నోటీసులు పాత పటం వల్ల వచ్చాయని చెప్పాను. ఉత్తరం నేనే రాశానని చెప్పాను. ముందుగా లేచినది బంగారమ్మ.

"నా పాదు కాడ నా పక్కనే నిలబడి ఆయన్ని ఆడిపోసుకున్నావు గదయ్యా! నీ మాట పట్టుకొని ఆరేళ్లు ఆయన ఎదురైతే మొకం తిప్పుకొని ఎల్లిపోనాను. ఒక్కపాలి పలకరించినాను కాదు. ఇప్పుడు నాను ఎవుల కాళ్లట్టుకోవాల? సెప్పు, ఎవుల కాళ్లట్టుకోవాల?"

ఆడపిల్లల వరసలో నూకాలు కూర్చొని ఉంది. ఇప్పుడు దానికి పద్నాలుగేళ్లు. ఏడవలేదు, నా వంక చూడలేదు. ఇంటికి వచ్చేటప్పుడు నాకు పది అడుగులు ముందే నడిచింది. గుమ్మం దగ్గర ఆగింది.

"మేష్టారు బతికుండగా ఎందుకు చెప్పలేదు నాన్నా?"

"భయపడ్డాను."

"ఎవరికి? ఆయనకా?"

"కాదమ్మా. నీకు. నీకు తెలుస్తుందని."

"నాకు భయపడి మేష్టారిని వదిలేశావా?" అని లోపలికి వెళ్లిపోయింది. ఈ నాలుగు రోజులుగా నాకు అన్నం పెడుతున్నది గాని మాట కలపలేదు. కలపమని అడిగే మొహం నాకు లేదు.

నరసయ్య మేష్టారు ఎవరి కొలతలనూ ఎవరికీ ఇవ్వలేదు. చదువరులలో ఆయన్ని గురించి ఆ మాట విన్నవారు, నమ్మినవారు, మరొకరికి చెప్పినవారు దయచేసి ఈ పూటతో దానిని మరిచిపోవలసిందిగా చేతులు జోడించి వేడుకొంటున్నాను. ఆ మహనీయుడి నిష్కళంకమైన స్మృతికి, ప్రణమిల్లే అర్హత లేకపోయినా, ప్రణమిల్లుతున్నాను. కమిటీవారు కొత్త ఉపాధ్యాయుడి కోసం విజయనగరానికి ఉత్తరం రాశారు. ఎవరో ఒకరు వస్తారు, రెండవ తరగతికి పాఠాలు సాగుతాయి. ఒక పసిపిల్ల మనసు చిన్నబోకూడదని, ఆ పిల్ల తండ్రి చేసిన ద్రోహాన్ని ఆరేళ్లు తన పేరు మీద వేసుకొని తిరిగిన మనిషి మాత్రం మాకు ఇక రాడు.